తిజీరి కాలికి చక్కెర దిమ్మ

సోమవారం సంతలో హమ్మూ పసిపిల్లల డైపర్లు కొన్నాడు.

యాభై దాటిన మనిషి. పెళ్ళీ లేదు, పెటాకులూ లేవు. తలపాగా చుట్టి, మీసం దువ్వి గుర్రమెక్కాడంటే అట్లాస్ కొండలన్నీ వాళ్ళ తాత రాసిచ్చినట్టు కూర్చునేవాడు. అలాంటివాడు కొట్టు ముందు నిలబడి, అటూ ఇటూ చూసి, "డైపర్లున్నాయా" అని గొణిగితే కొట్టువాడు ఊరుకుంటాడా మరి?

"ఏ సైజు, హమ్మూ?" అని సంతంతా వినపడేలా అరిచాడు.

"ఉన్నవాటిలో పెద్దవి."

"పెద్దవే! మాషా అల్లా! పిల్లాడు పుష్టిగా పుట్టాడన్నమాట. తల్లెవరో?"

"గుర్రం," అన్నాడు హమ్మూ పళ్ళు నూరుతూ.

ఆ మాట అనకుండా ఉండాల్సింది. మధ్యాహ్నానికల్లా ఉల్లిపాయలమ్మే ముసల్ది దగ్గర్నుంచి గొర్రెలు కోసేవాడి దాకా ప్రతివాడూ అతన్ని ఆపి చెయ్యి కలిపి, బిడ్డకి నాలుగు కాళ్ళా రెండా అని అడిగి మరీ వదిలారు. హమ్మూ డైపర్ల కట్టని ఒంటిమీదున్న పొడుగు అంగీ, జల్లాబా లోపలికి తోసుకున్నాడు. దాంతో పొట్ట ముందుకొచ్చింది. అదింకో గోల.

డైపర్లు తెమ్మన్నది ఇట్టో. గాయం మీద పెట్టి బిగిస్తే డైపరు పీల్చినంత రక్తం ఏ గుడ్డా పీల్చదని ఆవిడ లెక్క. చెబితే వినే మనిషి కాదు, చెప్పించుకునే మనిషి అంతకన్నా కాదు. మూడు గుర్రాలూ ఆవిడవే, పాషా అనే కంచర గాడిదా ఆవిడదే. పట్నం వాళ్ళని గుర్రాలెక్కించి దేవదారు అడవుల్లో తిప్పి తీసుకొచ్చే వ్యాపారం కూడా ఆవిడదే. హమ్మూ దారి చూపించేవాడు. అంటే ముందు నడిచేవాడు, వెనకనుంచి తిట్లు తినేవాడు.

ఒకప్పుడు ఈ వ్యాపారం ఆవిడ మొగుడు బెనాసర్‌ది. బెనాసర్, హమ్మూ చిన్నప్పట్నుంచీ జతగాళ్ళు. ఒక చలికాలం బెనాసర్ ఒంటరిగా వాగు దాటుతూ రాళ్ళ మీద పడి తొడ చీరుకున్నాడు. మందుల సంచి గాడిద మీదుంది. గాడిద బెదిరి ఒక్క పరుగున ఇంటికొచ్చేసింది. సంచి భద్రంగా వచ్చింది, అందులోంచి ఒక్క సూది కూడా పోలేదు. మనిషి రాలేదు.

అప్పట్నుంచీ ఇట్టోకి సర్దుడు జబ్బు పట్టుకుందంటారు ఊళ్ళోవాళ్ళు. మనిషి మందులు మనిషి నడుముకి ఉండాలి, గుర్రం మీద కాదు. గుర్రం మందులు పాషా కుడివైపు సంచిలో, అన్నిటికన్నా పైన, చెయ్యి పెట్టగానే తగలాలి. ఈ రెండు ముక్కలూ హమ్మూకి ఆవిడ ఎన్నిసార్లు చెప్పిందంటే, నిద్రలో లేపి అడిగినా కళ్ళు తెరవకుండా అప్పజెప్తాడు. పైకి సణుగుతాడు గానీ లోపల ఎప్పుడూ ఎగతాళి చెయ్యలేదు. వాగులోంచి బెనాసర్‌ని మోసుకొచ్చింది అతనే.

ఇక అసలు సంగతి. హమ్మూకి ఇట్టో అంటే ప్రాణం. ఏళ్ళ తరబడి ఆ మాట గొంతుదాకా రావడం, ఆవిడ "ఏంటలా గుడ్లప్పగించి చూస్తావు, జీను పట్టీ బిగించు" అనడం, మాట మళ్ళీ కడుపులోకి పోవడం. అలాగే ఇంకో పదేళ్ళు గడిపేసేవాడే. కానీ ఈలోగా కద్దూర్ దిగాడు.

కద్దూర్ ఉన్ని వ్యాపారి. బంగారు పన్ను, రెండు ట్రక్కులు, చచ్చిన మొదటి పెళ్ళాం. ఇట్టో అన్న మీమూన్‌తో మాట్లాడేశాడు. శుక్రవారం చక్కెర తీసుకుని వస్తానన్నాడు. "పెళ్ళయ్యాక ఆ గుర్రాలు తిండి దండగ. అమ్మేద్దాం," అని కూడా అన్నాడట. మీమూన్ "సరే" అన్నాడు. ఇట్టో "చూద్దాం" అంది. ఆ "చూద్దాం" విన్నప్పట్నుంచీ హమ్మూకి అన్నం సహించడం లేదు.

ఈ కొండల్లో పద్ధతి అందరికీ తెలిసిందే. ఆడమనిషిని అడగాలంటే నీలం కాగితం చుట్టిన చక్కెర దిమ్మ పుట్టింటికి తీసుకెళ్ళి పెట్టాలి. వాళ్ళు దాన్ని పగలగొట్టి టీలో వేస్తే ఒప్పుకున్నట్టు. కాగితం విప్పకుండా తిప్పి పంపిస్తే, నాయనా, వచ్చిన దారి చూసుకో అని. ఇంకోటి, పుట్టింటి గడప దాటేదాకా ఆ దిమ్మ ఆడమనిషి కంట పడకూడదు. పడితే అరిష్టమని కొందరు, సిగ్గని కొందరు.

ఈ వారం సవారీ గురువారం సాయంత్రానికి మీమూన్ ఊళ్ళోనే ఆగుతుంది, అతనింట్లోనే బస. కద్దూర్ కన్నా ఒక రోజు ముందు. హమ్మూ డైపర్లతో పాటు చక్కెర దిమ్మ కూడా కొన్నది అందుకే. మోచేతి పొడవు, రాయంత గట్టిది.

చిక్కల్లా ఒకటే. ఇట్టో కూడా సవారీకి వస్తోంది, ప్రతి సంచీ ఆవిడే సర్దుతుంది. ఇట్టో సర్దిన సంచిలో దేన్నైనా దాచడమంటే పోలీసు జేబులో దొంగ సొత్తు దాచడమే.

మంగళవారం సాయంత్రం వాకిట్లో జంపఖానా పరిచి ఇట్టో అన్నీ బయటపెట్టింది. ఆ సవారీకి వచ్చింది ఒక్కరే, రబాత్ నుంచి బతూల్ అనే పళ్ళ డాక్టరమ్మ. ఉద్యోగంలోంచి రిటైరై ఇప్పుడు గుర్రాల మీద పడింది. గుండ్రటి మనిషి, గుండ్రటి కళ్ళజోడు, నోరు మాత్రం కోసుగా ఉంటుంది.

"ఇది మీ నడుముకి, డాక్టరమ్మా," అని ఇట్టో ఒక సంచి కట్టింది. "కట్టుగుడ్డ, కత్తి, తడవకుండా చుట్టిన అగ్గిపెట్టె, నొప్పి బిళ్ళలు, ఖర్జూరాలు, చలి ఆపే రేకు దుప్పటి. ఇది ఈల. తప్పిపోతే ఊదండి."

"తప్పిపోయేది ఈయన వల్లే కదా," అంది డాక్టరమ్మ హమ్మూని ఎగాదిగా చూసి. "అలాంటప్పుడు ఈయన కదా ఊదాల్సింది?"

"ఆయన ఊదితే పాషా తప్ప ఎవరూ రారండీ."

హమ్మూ వినలేదు. కళ్ళన్నీ కుడివైపు సంచి మీదే ఉన్నాయి. ఇట్టో అందులో గోధుమలు, తాడు, లాడాల సుత్తి, మేకులు, కెటిల్ పెట్టి, అన్నిటికన్నా పైన గుర్రం మందుల మూట పెట్టింది. టించర్ సీసాలు, గాయం పొడి, గాజ్ గుడ్డ, పట్టీలు, అన్నీ ఒక తోలు ముక్కలో చుట్టి ఉన్నాయి. డైపర్లు ఎడమవైపు సంచిలోకి వెళ్ళాయి. తర్వాత రెండు సంచులూ చెరో చేత్తో ఎత్తి బరువు చూసింది. ఒకటి బరువెక్కితే పాషాకి వీపు పుండవుతుంది, దారిలో జీను ఒరిగిపోతుంది. రెండూ సరిపోయాక మూతులు బిగించింది.

"ఇంక వీటిమీద చెయ్యి వేసినవాడికి చెయ్యి ఉండదు," అని లోపలికెళ్ళిపోయింది.

తెల్లవారగానే, పాషాకి జీను వేసే వంకతో హమ్మూ పాకలోకి దూరాడు. చక్కెర దిమ్మ ఎక్కడ పెట్టాలి? జల్లాబాకి వెనక వేలాడే టోపీలో పెట్టి చూశాడు. మామూలుగా ఆ టోపీలో రొట్టె పడుతుంది, ఉల్లిపాయలు పడతాయి, ఒకసారి పిల్లి పిల్ల కూడా ప్రయాణం చేసింది. దిమ్మ పెట్టగానే టోపీ వెనక్కి లాగి మెడ నులిమేసింది. కళ్ళు బయటికొచ్చాయి. లాభం లేదు.

ఇట్టో ఇంకోసారి వెతకని చోటు లోకంలో ఒక్కటే, ఆవిడ అప్పుడే వెతికేసిన సంచి. కానీ దిమ్మ అదనంగా పెడితే బరువు తేడా వస్తుంది, తేడా వస్తే పాషా కన్నా ముందు ఇట్టో పసిగడుతుంది. ఏదో ఒకటి తియ్యాలి. ఒక చేతిలో దిమ్మ, ఇంకో చేతిలో మందుల మూట పట్టుకుని చూశాడు. కాటాలో పెట్టినట్టు సరిసమానం.

రెండ్రోజులే కదా, అనుకున్నాడు. ఇన్నేళ్ళలో ఆ మూట విప్పిందెన్నిసార్లు, అనుకున్నాడు. వెధవ ఆలోచనలు వచ్చేటప్పుడు ఎంత బుద్ధిగా వస్తాయో! మూటని దాణా డబ్బా వెనక పెట్టి, దిమ్మని తోలు ముక్కలో చుట్టి, సంచిలో పైన పెట్టి మూతి కట్టేశాడు. కడుతూ ఇట్టో తలుపు వైపు ఒకసారి చూశాడు. అప్పుడైనా ఆగొచ్చు కదా, ఆగలేదు.

మొదటి రోజు హాయిగా గడిచింది. హమ్మూ తిజీరి మీద ముందు, డాక్టరమ్మ ముసలి మగ గుర్రం మీద మధ్యలో, ఇట్టో మూడో గుర్రం మీద పాషా తాడు పట్టుకుని వెనకాల. తిజీరి తెల్లటి ఆడ గుర్రం. బెనాసర్ దాన్ని పిల్లప్పట్నుంచీ పెంచాడు. ఇట్టో దాని నుదుటి మీద ముద్దు పెట్టకుండా పొద్దున్నే నీళ్ళు కూడా తాగదు. అలాంటి గుర్రాన్ని హమ్మూని ఎక్కనిస్తోందంటే అతనికదొక బిరుదు.

రెండో రోజు మధ్యాహ్నం దేవదారుల మధ్య ఆగి రొట్టె తింటుంటే కోతులొచ్చాయి. ఆ అడవిలో కోతులకి మనిషంటే లెక్కలేదు, వచ్చి ఎదురుగా కూర్చుని వాటా అడుగుతాయి. డాక్టరమ్మ ఒకదాని నోట్లోకి తొంగి చూసి, "దీనికి కింది దవడలో పుచ్చు పన్నుంది," అంది.

అంతలో ఒక ముసలి గండుకోతి ఎవరికీ చెప్పకుండా వెళ్ళి పాషా ఎక్కింది. నేరుగా కుడివైపు సంచి మూతి విప్పి, తోలు మూట పట్టుకుని గుంజింది. నీలం కాగితం కొస బయటికి కనిపించింది.

హమ్మూ రొట్టె కింద పడేసి లేచాడు. చేతిలో తిజీరి పగ్గం ఉందన్న సంగతి కూడా మరిచిపోయి, పగ్గం వదిలేసి, కర్ర ఎత్తి, "ఒరేయ్ దొంగవెధవా!" అని అరుస్తూ పరిగెత్తాడు. కోతి మూట వదిలేసి దూకింది. దూకిందెక్కడికి? తిజీరి కాళ్ళ మధ్యకి. తిజీరి బెదిరి వెనక్కి లేచి, పక్కకి గంతేసి, ఎప్పుడో అడవివాళ్ళు పాతి వదిలేసిన పాత తీగ కంచెలో పడింది. లేచేసరికి ముంగాలు మోకాలి కింద చీరుకుపోయి, తెల్లటి కాలు గిట్ట దాకా ఎర్రబడింది.

ఇట్టో పరిగెత్తుకెళ్ళి తిజీరి కళ్ళెం పట్టుకుంది. గొంతు మాత్రం పెంచలేదు. "డాక్టరమ్మా, తల పట్టుకోండి, ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండండి. హమ్మూ, కుడి సంచి, పైన. మూట పట్రా."

హమ్మూ పాషా దగ్గరికెళ్ళాడు. సంచిలోకి చెయ్యి పెట్టాడు. చెయ్యి అక్కడే ఉండిపోయింది.

"హమ్మూ!"

"లేదు," అన్నాడు.

"ఏం లేదు?"

"మందుల మూట... లేదు. తీసేశాను."

ఇట్టో తలెత్తి చూసింది. ఆ చూపుకన్నా ఆ కోతి కరిచి ఉంటే బాగుండేదనిపించింది అతనికి. "తీసేశావా? నువ్వు? బెనాసర్‌ని మోసుకొచ్చినవాడివి, నువ్వు తీసేశావా?"

ఇట్టో డైపర్ ఒకటి అందుకుని గాయానికి అదిమిపట్టి, డాక్టరమ్మ చేత పట్టించి, తనే లేచొచ్చింది. అతన్ని భుజంతో పక్కకి నెట్టి సంచిలో చెయ్యి పెట్టి తోలు మూట లాగింది. విప్పింది. నీలం కాగితం, దాని మీద ఎర్ర దారం, పెళ్ళి ముడి.

డాక్టరమ్మ, గాయం మీంచి చెయ్యి తియ్యకుండానే, "ఎవరి పెళ్ళండీ?" అంది.

అబద్ధం చేతికందేంత దగ్గర్లో ఉంది. దారిలో ఆకలేస్తే పనికొస్తుందని తెచ్చానంటే చాలు. హమ్మూ ఆ మాట అనలేదు. "మీ అన్న ఇంటికి," అన్నాడు ఇట్టోతో, నేల చూస్తూ. "నీకోసం. రేపు కద్దూర్ రాకముందే పెడదామని. మూట తీస్తే గానీ బరువు సరిపోలేదు. నన్ను తిట్టు, కొట్టు, ఏం చేసినా సరే. నేనో గాడిదని."

"గాడిదనేం అనకు. అది సంచి మోసింది," అంది ఇట్టో. వంగి గాయం చూసింది. రక్తం తగ్గింది, కానీ కోత లోతుగా ఉంది, లోపలంతా తుప్పూ మట్టీ. ఊరు చేరేసరికి సాయంత్రమవుతుంది, పశువుల డాక్టరు రావాలంటే రేపు. అంతసేపు మందు లేకుండా వదిలేస్తే కాలు చెడుతుంది. కాలు చెడిన గుర్రానికి ఈ కొండల్లో ఏం చేస్తారో ముగ్గురికీ తెలుసు.

"మా నానమ్మ గొర్రెల గాయాలకి చక్కెర కూరేది," అంది ఇట్టో మెల్లగా.

"కూరొచ్చు," అంది డాక్టరమ్మ. "పాత పద్ధతే గానీ మంచి పద్ధతి. చీము పట్టనివ్వదు. కుట్టకండి, కడిగి, కూరి, కట్టండి. నేను జీవితంలో చక్కెరని తిట్టినంత దేన్నీ తిట్టలేదు, ఇవాళ దానికి పని దొరికింది."

ఇట్టో చేతిలో దిమ్మ ఉంది. ఆవిడ దాన్ని చూసింది, తర్వాత హమ్మూని చూసింది. అడగలేదు. అడగకపోవడమే హమ్మూకి ఎక్కువ బాధేసింది. దిమ్మ పగిలిందంటే అయిపోయినట్టే. ఉత్త చేతులతో మీమూన్ గడప తొక్కాలి. ఊళ్ళో కొట్టు కూడా లేదు. పొద్దున్నే కద్దూర్ దిగుతాడు, ఆవిడ పోతుంది, గుర్రాలు పోతాయి, ఈ దార్లో రేపట్నుంచీ ముందు నడవడానికి వెనక తిట్టే మనిషే ఉండదు. ఇవన్నీ ఒక్కసారిగా తట్టాయి. తిజీరి ముంగాలు నేలకి ఆనించలేక పైకెత్తి పట్టుకుని నిలబడింది.

హమ్మూ సంచిలోంచి లాడాల సుత్తి తీసి, పిడివైపు ఇట్టోకి అందించాడు.

"పగలగొట్టు," అన్నాడు.

ఇట్టో బల్లపరుపు రాయి చూసుకుని, నీలం కాగితం చించి, సుత్తి ఎత్తి ఒక్కటేసింది. దిమ్మ మూడు ముక్కలైంది. తర్వాత పిండయ్యేదాకా కొడుతూనే ఉంది. కొట్టిన ప్రతి దెబ్బా తనకే తగలాల్సిందని హమ్మూకి తెలుసు, కాబట్టి నోరు మూసుకుని మంట పెట్టి ఉప్పు నీళ్ళు కాచాడు. చల్లారాక గాయం కడిగారు. డాక్టరమ్మ కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, మేకు ముక్కా తుప్పూ పుల్లతో ఏరింది. "నోరు తెరిచి కదలకుండా కూర్చో" అని అలవాటు కొద్దీ గుర్రానికి చెప్పింది. ముగ్గురి నడుము సంచుల్లో ఉన్న కట్టుగుడ్డంతా తీసి చక్కెర కూరి, పైన డైపరు వేశారు. కట్టడానికి పొడుగు పట్టీ కావాలి. పట్టీలన్నీ దాణా డబ్బా వెనకున్నాయి.

ఇట్టో చెయ్యి చాచింది. "తలపాగా."

హమ్మూ ఠక్కున తలమీద చెయ్యి వేసుకున్నాడు. ఆ తలపాగా లేకుండా అతన్ని చూసినవాళ్ళు ఈ లోకంలో తక్కువ, చూసినవాళ్ళలో బెనాసర్ చచ్చిపోయాడు. అయినా విప్పి ఇచ్చాడు. నున్నటి బట్టతల ఎండలో తళతళలాడింది. డాక్టరమ్మ మర్యాదగా దగ్గి అటు తిరిగింది. కొమ్మ మీద గండుకోతికి మాత్రం మర్యాద లేదు, కిచకిచమంది.

"జీను?" అన్నాడు హమ్మూ కట్టు పూర్తయ్యాక. "తిజీరి మీద బరువు వెయ్యకూడదు కదా."

"నీకు భుజాలున్నాయి కదా," అంది ఇట్టో.

అలా వెళ్ళారు మీమూన్ ఊరికి. డాక్టరమ్మ గుర్రం మీద, ఇట్టో తిజీరిని అడుగులో అడుగు వేయిస్తూ కాలినడకన, ఆవిడ గుర్రం, పాషా వెనకాల. అందరికన్నా వెనక హమ్మూ, నెత్తి ఎర్రగా కమిలి, జీను వీపున వేసుకుని, రికాబులు మోకాళ్ళకి కొట్టుకుంటుంటే. దారి పొడుగునా ఇట్టో గుర్రంతో మాట్లాడింది, డాక్టరమ్మతో మాట్లాడింది, పాషాతో కూడా మాట్లాడింది. అతనితో మాత్రం ఒక్క ముక్క లేదు. దారిలో ఒకచోట వాగు వచ్చింది, ఆ వాగు. దాటుతూ ఆవిడ ఆగి, తిజీరి కట్టు తడవకుండా చూసుకుని, వెనక్కి తిరక్కుండానే "జారుతుంది, చూసి అడుగు వెయ్యి" అంది. అది పాషాతో అన్నట్టు లేదు. కానీ హమ్మూ ధైర్యం చేసి తనతోనే అనుకోలేకపోయాడు.

ఊళ్ళోకి దిగేసరికి మీమూన్ ఇంటి ముందు ట్రక్కు ఆగి ఉంది. కద్దూర్ శుక్రవారం దాకా ఆగలేకపోయాడు.

లోపల పెద్ద గదిలో కద్దూర్ దిండుకి ఆనుకుని కూర్చున్నాడు. పక్కన నీలం కాగితాల చక్కెర దిమ్మలు మసీదు గోపురంలా పేర్చి ఉన్నాయి, చూస్తేనే పళ్ళు జివ్వుమనేటన్ని. మీమూన్ టీ కెటిల్ ముందు కూర్చున్నాడు. భారీ మీసం, మెత్తటి మనిషి, ఎవరు గట్టిగా మాట్లాడితే వాళ్ళ వైపు ఒరుగుతాడు.

"రా చెల్లీ, రా! చూడు ఎవరొచ్చారో," అని మొదలెట్టి, వెనకాల జీనుతో గుమ్మంలో ఇరుక్కున్న హమ్మూని చూసి ఆగిపోయాడు. "హమ్మూ? నీ తలకేమైంది? నీ వీపు మీద జీనేంటి?"

"గుర్రాన్ని అమ్మేశాక ఏం చెయ్యాలో ఇప్పట్నుంచే నేర్చుకుంటున్నాడు," అని కద్దూర్ బంగారు పన్ను కనపడేలా నవ్వాడు.

హమ్మూ జీను దించాడు. పారిపోవచ్చు, తలుపు వెనకే ఉంది. కానీ ఇవాళ ఒకసారి నిజం చెప్పాక రెండోసారి అంత కష్టమనిపించలేదు. "మీమూన్, నేను కూడా చక్కెర తెచ్చాను," అన్నాడు. "దారిలో తిజీరికి గాయమైంది, నా వల్లే. చక్కెరంతా దాని కాలికి పోయింది. అందుకని ఉత్త చేతులతో వచ్చాను. అడగాల్సింది మాత్రం అడుగుతున్నాను. ఇట్టోని నాకివ్వు."

కద్దూర్ పొట్ట పట్టుకుని నవ్వాడు. "గుర్రం కాలికా? మరింకేం, పోయి గుర్రాన్నే చేసుకో! డైపర్లు కూడా కొన్నావట కదా, సంతంతా చెప్పుకుంటున్నారు!"

మీమూన్ మీసం నిమురుకున్నాడు. "హమ్మూ, నువ్వు మంచోడివే. కానీ చక్కెర లేకుండా అడగడమంటే పద్ధతి కాదు కదా."

"పద్ధతి ఏంటన్నా?" అంది ఇట్టో. ఇంకా గుమ్మంలోనే ఉంది, చేతులకి ఎండిన రక్తం, చక్కెర జిగురు. "చక్కెర ఎవరు పగలగొడితే ఒప్పుకున్నట్టు?"

"ఆడపిల్ల తరఫువాళ్ళు."

"నేను ఆడపిల్ల తరఫేనా, కాదా?"

మీమూన్ తికమకపడ్డాడు. "నువ్వే కదా ఆడపిల్లవి."

"నేనే పగలగొట్టాను. నా చేత్తో, నా సుత్తితో. ఎవరిదో, ఎవరికోసమో తెలిసే పగలగొట్టాను. డాక్టరమ్మా, మీరు చెప్పండి."

"పిండి పిండి చేసింది," అంది డాక్టరమ్మ, అప్పటికే కద్దూర్ పక్కనున్న దిండు లాక్కుని కూర్చుంటూ. "నేను సాక్షిని. కావాలంటే గుర్రం కూడా సాక్ష్యం చెబుతుంది."

ఇట్టో నడుము సంచి విప్పింది. కట్టుగుడ్డ ఉండాల్సిన చోటునుంచి దిమ్మ కొసముక్క తీసింది, బొటనవేలంత. దారంతా అది ఆవిడ నడుముకే ఉంది. వంగి, మీమూన్ ముందున్న కెటిల్ మూత తీసి అందులో వేసి, మూత పెట్టింది.

కద్దూర్ నవ్వు ఆగిపోయింది. పేర్చిన దిమ్మలవైపు చూసుకున్నాడు. వాటి కాగితాలు ఎవరూ విప్పలేదు. కాసేపటికి లేచి, చెప్పులు వెతుక్కుని, "వీటిని ట్రక్కులో పెట్టించండి," అన్నాడు. మీమూన్ పెట్టించాడు.

హమ్మూ గోడకి చేరబడ్డాడు. ఇట్టో టీ గ్లాసు తెచ్చి అతని ముందు పెట్టింది. కళ్ళనిండా నీళ్ళున్నాయి, మొహం మాత్రం కొట్టేట్టుంది.

"నా కోపం పోలేదు," అంది. "చచ్చేదాకా పోదు. ఇంకెప్పుడైనా ఆ మూట మీద చెయ్యి వేశావంటే నిన్ను చుట్టి సంచిలో పెడతాను. నన్ను అడగాలంటే నోరు లేదా? ఇన్నేళ్ళు ఏం చేశావు?"

"నువ్వు జీను పట్టీ బిగించమనేదానివి."

ఇట్టోకి నవ్వొచ్చింది, ఆపుకుంది. "టీ తాగు. పొద్దున్నే కట్టు మార్చాలి. డైపర్లు అయిపోయాయి, కింద ఊరికెళ్ళి ఇంకో కట్ట పట్రా."

"మళ్ళీ నేనా?" అన్నాడు హమ్మూ నెత్తి తడుముకుంటూ. "ఎవరికని అడుగుతారు, ఇట్టో. సంతంతా అడుగుతారు."

"అడగనీ," అంది ఆవిడ. "మన గుర్రానికని చెప్పు."